నాన్నతో మెల్‌బోర్న్‌లో ఎఫ్‌1 మొదటి రేస్: వీసా ముందా, టికెట్ ముందా?

అడిగినవారు, కూకట్‌పల్లి:

అందరికీ నమస్తే. ఫార్ములా వన్ సీజన్ మొదటి రేస్ చూపించడానికి మా నాన్నగారిని మెల్‌బోర్న్ తీసుకెళ్దామనుకుంటున్నా. ఆయనకి 63. షూమేకర్ ఫెరారీలో ఉన్న రోజుల నుంచి ఒక్క రేస్ వదల్లేదు. 2005లో మన దేశపు డ్రైవర్ నారాయణ్ కార్తికేయన్ మొట్టమొదటి ఎఫ్‌1 రేస్ కూడా మెల్‌బోర్న్‌లోనే. ఆ ఆదివారం ఇడ్లీలు చల్లారిపోయినా టీవీ ముందు నుంచి లేవలేదని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. మేమిద్దరం ఎప్పుడూ దేశం దాటలేదు. వీసా, విమానం, రేస్ టికెట్, ఈ మూడింట్లో ముందు ఏది చేయాలి? ఇప్పుడైతే ఫ్లైట్ చవగ్గా కనిపిస్తోంది, కొనేయనా? నాన్నకి మోకాళ్ల నొప్పులున్నాయి, స్టాండ్‌లో సీటు తప్పనిసరా?

జవాబు, టార్నీట్ (మెల్‌బోర్న్) నుంచి:

తమ్ముడూ, ఫ్లైట్ మాత్రం ఇప్పుడే కొనకు. మొదటి రేస్ ప్రతి ఏడూ ఇక్కడే జరుగుతుందనుకోవద్దు. 2021 నుంచి 2024 దాకా బహ్రెయిన్‌లోనే మొదలైంది. 2025లో మార్చి నెలంతా రంజాన్ పడటంతో మళ్లీ మెల్‌బోర్న్‌కి వచ్చింది, 2026కీ ఇక్కడే ఇచ్చారు. క్యాలెండర్‌లో తేదీ చూసుకున్నాకే మిగతావన్నీ.

నా లెక్కలో ముందు రేస్ టికెట్, తర్వాత వీసా, చివర్న ఫ్లైట్. టికెట్లు కొన్ని నెలల ముందే అమ్మకానికి పెడతారు, ఆదివారానివి ముందు అయిపోతాయి. 2025లో నాలుగు రోజులకి కలిపి 4.65 లక్షల మంది వచ్చారు, దాన్నిబట్టి ఆలోచించుకో. అఫీషియల్ సైట్‌లోనే కొను. మా బావమరిది కోసం ఓ ఏడాది ఎవరో తిరిగి అమ్ముతున్న టికెట్ కొన్నా. గేటు దగ్గర స్కాన్ చేస్తే ఎర్ర లైటు. అదే బార్‌కోడ్‌తో అప్పటికే ఎవరో లోపలికి వెళ్లిపోయారట. పాపం, మధ్యాహ్నమంతా ఫెన్సింగ్ బయట నిలబడి సౌండ్ విని వచ్చాడు.

వీసా సంగతి: ఇండియన్ పాస్‌పోర్ట్‌కి ఇక్కడి ఈటీఏ (కొన్ని దేశాలవాళ్లకిచ్చే తేలికపాటి ఆన్‌లైన్ అనుమతి) రాదు. విజిటర్ వీసా, సబ్‌క్లాస్ 600, టూరిస్ట్ స్ట్రీమ్‌లో పెట్టాలి. ఇక్కడి ఇమ్మిగ్రేషన్ సైట్‌లో ఇమ్మిఅకౌంట్ అనే ఖాతా తెరిచి ఆన్‌లైన్‌లోనే అప్లై చేయొచ్చు. ఫీజు మనిషికి 200 ఆస్ట్రేలియన్ డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది, జులైలో మారుస్తుంటారు కాబట్టి కట్టే రోజు చూసుకో. బయోమెట్రిక్స్ ఇవ్వమని లెటర్ వస్తే సెంటర్‌కి వెళ్లి వేలిముద్రలిచ్చి రావాలి. పాస్‌పోర్ట్‌లో స్టిక్కర్ ఏమీ అంటించరు, మెయిల్‌లో గ్రాంట్ లెటర్ వస్తుంది. అది ప్రింట్ తీసి నాన్నగారి చేతికీ ఒకటి ఇవ్వు.

ఇంకొకరు, నెల్లూరు (ఇప్పుడు సింగపూర్):

అన్న చెప్పింది కరెక్టే, కాకపోతే వీసాలో ఒకటి కలుపుతా. వాళ్లు చూసేది మీరు తిరిగి వెళ్తారా లేదా అన్నదే. నాన్నగారి పెన్షన్ స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, మీ ఆఫీసు లీవ్ లెటర్ జత చేయండి. అమ్మగారు ఇంటి దగ్గరే ఉంటున్నారన్న మాట కవరింగ్ లెటర్‌లో రాయండి. రేస్ టికెట్ కాపీ కూడా పెడితే ఎందుకు వెళ్తున్నారో అదే చెప్తుంది. నా ఫ్రెండ్‌కి పది రోజుల్లో వచ్చింది, నాకు నెల దాటింది. కనీసం మూడు నెలల ముందు పెట్టుకోండి.

హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ లేదు. సింగపూర్, కౌలాలంపూర్ లాంటి చోట మారాలి. రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద ఉండేలా బుక్ చేయండి. విడివిడిగా కొంటే మొదటిది లేటైనప్పుడు రెండోవాళ్లు పట్టించుకోరు.

అడిగినవారు:

థాంక్సండి. ఫ్లైట్ ఆపేశా. మరి సీటు సంగతి? సీటు లేకుండా లోపలికి వెళ్లనిచ్చే పార్క్ పాస్ చాలా చవగ్గా ఉంది.

జవాబు, టార్నీట్ నుంచి:

నువ్వొక్కడివే అయితే పార్క్ పాస్ చాలనేవాణ్ణి. నాన్నగారితో వద్దు. రేస్ జరిగే ఆల్బర్ట్ పార్క్ పెద్ద పార్కు, మధ్యలో చెరువు, దాని చుట్టూ 5.278 కిలోమీటర్ల ట్రాక్. మన హుస్సేన్‌సాగర్ పక్కన 2023లో ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల రేస్) పెట్టారు చూడు, అలాగే ఇక్కడా నీళ్ల పక్కనే. పార్క్ పాస్ వాళ్లు ఆదివారం పొద్దున్నే వచ్చి గడ్డి దిబ్బల మీద దుప్పట్లు పరిచేస్తారు. లేటుగా వెళ్తే ముందున్నవాళ్ల టోపీలు చూస్తూ నిలబడాలి.

ఇంకో నిజం చెప్పనా, టీవీలో కనిపించినంత అక్కడ కనిపించదు. కారు ఒక చుట్టు తిరిగి రావడానికి నిమిషం ఇరవై సెకన్ల పైన పడుతుంది. నీ ముందు నుంచి వెళ్లేది రెండు మూడు సెకన్లు. అలా 58 చుట్లు. మిగతా సమయమంతా ఎదురుగా ఉన్న పెద్ద స్క్రీనే దిక్కు. అందుకే సీటు కొనేటప్పుడు ఏ టర్న్ (మలుపు) అన్నదానికంటే స్క్రీన్ కనిపిస్తుందా అన్నది ముఖ్యం. మెయిన్ స్ట్రెయిట్ మీద ఫాంజియో స్టాండ్ ఉంది, పిట్స్ (కార్లు ఆగి టైర్లు మార్చుకునే చోటు) ఎదురుగా కనిపిస్తాయి, స్టార్ట్ అక్కడే. ఖరీదే, కానీ పెద్దాయనకి అదే తీసుకో. మెట్లు ఎక్కనవసరం లేదని మరీ కింది వరస తీసుకుంటే కంచె అడ్డమొస్తుంది, మధ్య వరస చూడు.

శుక్రవారం మాత్రం వదలొద్దు. జనం పలచగా ఉంటారు, ప్రాక్టీస్ నడుస్తుంటే మెల్లగా కూర్చుంటూ లేస్తూ నాలుగు టర్నులు చూడొచ్చు. ఎఫ్‌2, ఎఫ్‌3 (ఎఫ్‌1 కింది స్థాయి రేసులు) పిల్లలూ ఆ రోజే తిరుగుతుంటారు. నాకైతే ఆదివారం కంటే అదే ఇష్టం.

చెవుల్లోకి ఇయర్‌ప్లగ్స్ తప్పనిసరి. నెక్లెస్ రోడ్డు మీద ఈల వేసినట్టు వెళ్లిన ఎలక్ట్రిక్ కార్లనుకుని రావొద్దు. గుండెలో తగులుతుంది.

మూడో వ్యక్తి, విజయవాడ:

నేను 2025లో వెళ్లానండి. ముందు రోజు ఎండ మాడ్చేసింది, రేస్ రోజు ఒకటే వాన. రేస్ మొదలవకముందు తిరిగే ఫార్మేషన్ ల్యాప్‌లోనే హజ్జార్ అనే డ్రైవర్ కారు జారి గోడకి కొట్టుకుంది. నేను కాటన్ షర్టులో వణుకుతూ కూర్చున్నా. పల్చటి రెయిన్‌కోట్ బ్యాగులో ఉంచుకోండి. సన్‌స్క్రీన్ కూడా, అక్కడి ఎండ చల్లగాలిలోనే కాల్చేస్తుంది. తిండికి, నీళ్లకి కార్డు తాకిస్తే సరిపోయింది, నోట్లు తీయాల్సిన పని పడలేదు.

అడిగినవారు:

ఉండటానికి హోటళ్ల రేట్లు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. మామూలు రోజులకి మూడింతలు చెప్తున్నారు.

జవాబు, టార్నీట్ నుంచి:

మార్చి రెండో సోమవారం ఇక్కడ లేబర్ డే సెలవు. రేస్ ఆ వారాంతంలో పడితే రేట్లు ఇంకా పెరుగుతాయి. 2026లో రేస్ మార్చి 8న, సెలవు 9న, రెండూ కలిసొచ్చాయి. సిటీలోనే ఉండాలని లేదు. మా టార్నీట్‌లో, పాయింట్ కుక్‌లో మనవాళ్లు బోలెడు మంది, తెలిసినవాళ్లుంటే గది దొరుకుతుంది. టార్నీట్ నుంచి రైల్లో సిటీలోని సదరన్ క్రాస్ స్టేషన్‌కి వచ్చి, అక్కడ 96 ట్రామ్ ఎక్కితే పార్కు దగ్గర దింపుతుంది. రేస్ టికెట్ ఉన్నవాళ్లకి ఆ ట్రామ్ ఫ్రీ. మైకీ కార్డు (ఇక్కడి రైళ్లు, ట్రామ్‌ల టికెట్ కార్డు) రైలుకి ఎలాగూ కావాలి. రేస్ అవ్వగానే ట్రామ్ కోసం పరిగెత్తకండి, క్యూ పాములా ఉంటుంది. చివర్లో ట్రాక్ మీదికి జనాన్ని వదులుతారు, నాన్నగారిని స్టార్ట్ లైన్ దాకా మెల్లగా నడిపించు. గంట తర్వాత ట్రామ్‌లో కూర్చుని రావొచ్చు.

అడిగినవారు:

అన్నా, ఆఖరి డౌట్. అమ్మ మీ అందరికీ ఆవకాయ, కరివేపాకు, సున్నుండలు పంపుతానంటోంది. తేవచ్చా?

జవాబు, టార్నీట్ నుంచి:

కరివేపాకు వద్దే వద్దు. పచ్చి ఆకులు తీసేసుకుంటారు. మిగతావి ఏవైనా సరే, విమానంలో ఇచ్చే కార్డులో తిండి ఉందన్న చోట ‘అవును’ అని టిక్ పెట్టు. చెప్పి తెస్తే మహా అయితే పారేస్తారు. దాస్తే వేలల్లో జరిమానా, వీసా రద్దయినా ఆశ్చర్యం లేదు. మా అమ్మ వచ్చినప్పుడు ఆఫీసర్ ఆవకాయ సీసా మూడు కవర్లూ విప్పి, వెలుతురుకి పట్టి చూసి, ‘మ్యాంగో?’ అన్నాడు. మా అమ్మ తెలుగులోనే ‘అవును బాబూ, కొత్తావకాయ’ అంది. పంపించేశాడు.

వీసా రాగానే ఇక్కడ ఓ మాట పెట్టు. శుక్రవారం పొద్దున సదరన్ క్రాస్ దగ్గర 96 స్టాప్‌లో ఉంటా. నాన్నగారిని ఎక్కిద్దాం, సీసా నాకిచ్చేయ్.