లండన్ – న్యూయార్క్: దూరం ఒకటే, ప్రయాణ సమయం మాత్రం రెండు రకాలుగా ఎందుకుంది?

ప్రశ్న:
ఈ రెండు నగరాల మధ్య విమాన దూరం దాదాపు 5,550 కిలోమీటర్లు. జెట్ విమానం గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది కాబట్టి, ఆరు గంటల పది నిమిషాలు సరిపోవాలి. కానీ టైమ్‌టేబుల్‌లో న్యూయార్క్ వెళ్లడానికి సుమారు ఎనిమిది గంటలు, తిరిగి రావడానికి ఏడు గంటలు చూపిస్తున్నారు. పైగా మ్యాపులో దారి ఉత్తరానికి వంగి కనిపిస్తోంది. ఆలస్యానికి ఈ చుట్టుదారే కారణమా?

మొదటి జవాబు:
దారి కాదండి, ప్రధాన కారణం గాలి. అట్లాంటిక్ మీద విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి ప్రవాహం ఉంటుంది. మీరు చెప్పిన 900 అనేది చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగమే తప్ప నేల మీద కొలిచే వేగం కాదు. గాలి గంటకు 110 కిలోమీటర్ల వేగంతో ఎదురొస్తే నేల వేగం 790కి పడిపోయి ఏడు గంటలు పడుతుంది. అదే గాలి వెనక నుంచి తోస్తే వేగం 1,010కి పెరిగి ఐదున్నర గంటల్లో పని అయిపోతుంది. సీటు ముందున్న తెరపై కనిపించే వేగాన్ని రానూపోనూ గమనిస్తే ఈ తేడా మీకే తెలుస్తుంది. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల తోడుతో ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లోనే చేరింది.

రెండో జవాబు:
గాలి సంగతి నిజమే. అయితే టైమ్‌టేబుల్‌లో ఉండేది గాల్లో గడిపే సమయం ఒక్కటే కాదు, ఒక గేటు వదిలినప్పటి నుంచి రెండో గేటు చేరేదాకా పట్టే మొత్తం సమయం. రన్‌వే దగ్గర వరుసలో ఆగడం, దిగేముందు ఆకాశంలో వంతు కోసం తిరగడం అన్నీ అందులోకే వస్తాయి. వంపు విషయానికొస్తే, గ్లోబు మీద రెండు నగరాలనూ కలుపుతూ ఒక దారం బిగించి చూడండి, అది కెనడా తూర్పు కొసనున్న న్యూఫౌండ్‌లాండ్ వైపుగానే పోతుంది. అదే అతి దగ్గరి దారి; చదునైన మ్యాపులోనే అది వంకరగా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. టికెట్ మీద లండన్‌లో ఉదయం 11 గంటలకు బయలుదేరి, మధ్యాహ్నం 2 గంటలకు చేరుతుందని ఉంది. మూడు గంటలే అవుతోంది కదా?

రెండో జవాబు ఇచ్చినవారు:
అవి ఆయా నగరాల స్థానిక సమయాలు. న్యూయార్క్ గడియారం ఐదు గంటలు వెనక ఉంటుంది కాబట్టి, ఆ ఐదూ కలిపితే మీ ఎనిమిది గంటలూ వస్తాయి. అమెరికాలో వేసవి వెలుగును వాడుకోవడానికి గడియారాలను మార్చి నెల రెండో ఆదివారం ఒక గంట ముందుకు జరిపితే, బ్రిటన్‌లో ఆ నెల చివరి ఆదివారం జరుపుతారు. ఆ మధ్య రోజుల్లో తేడా నాలుగు గంటలే కనుక, అప్పుడు ప్రయాణమైతే నాలుగే కలపండి.