క్రాబీలో స్నార్కెలింగ్: ఏడుగురం షేరింగ్ బోటు ఎక్కాలా, సొంతంగా పడవ మాట్లాడుకోవాలా?

జడ్చర్ల_జంక్షన్
జనవరి సెలవులకు ఇంటిల్లిపాదీ థాయ్‌లాండ్ పోతున్నాం. క్రాబీలో ఆవో నాంగ్ బీచ్ దగ్గర హోటల్ బుక్ అయింది. బాపు, అమ్మ, నేను, మా ఆవిడ, తమ్ముడు, ఇద్దరు పిల్లలు. పెద్దదానికి తొమ్మిదేండ్లు, చిన్నోడికి ఐదు. ఈత వచ్చింది తమ్ముడొక్కడికే. అదీ మా పొలం బావిలో వీపుకు బెండ్లు కట్టుకుని నేర్చుకున్న ఈత.

ఇప్పుడు ఇంట్లో పంచాయితీ నడుస్తోంది. ముప్పై మందితో కలిసి స్పీడ్‌బోటులో ఫీఫీ దీవులకు పోయి అక్కడ స్నార్కెలింగ్ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ చేపలు చూడటం) చేద్దామని తమ్ముడి పట్టు. హోటల్ దగ్గరికే వ్యాన్ వస్తుంది, మధ్యాహ్నం భోజనం వాళ్లదే, మనిషికింత అని కట్టేస్తే ఇంక చూసుకోనక్కర్లేదు అంటాడు. మా ఆవిడేమో ముక్కూమొహం తెలియని మంది మధ్య అత్తమ్మను, చిన్నోడిని ఎక్కించేది లేదు, మనకంటూ ఒక లాంగ్‌టెయిల్ పడవ (వెనక పొడుగు కడ్డీ మోటారున్న అక్కడి కొయ్య పడవ) మాట్లాడుకుని దగ్గరి దీవులు చూసొద్దాం అంటుంది. బాపు ఎటూ చెప్పడు. పోయొచ్చినవాళ్లు చెప్పండి. 'మీ ఇష్టం' అని మాత్రం అనకండి, ఆ మాట ఇంట్లో చాలాసార్లు అయిపోయింది.

కొల్లాపూర్_మామిడి
షేరింగే పో అన్నా, రెండో మాట లేదు. దేశం కాని దేశంలో, భాష రాని పడవవాడితో ఒంటరిగా సముద్రం మీదికి పోవడం కంటే కంపెనీ బోటు మేలు. ఎక్కేముందు ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఇస్తారు, చొక్కాకు రంగు స్టిక్కర్ అంటిస్తారు, ప్రతి దీవి దగ్గర తలలు లెక్కపెట్టుకున్నాకే బోటు తీస్తారు. ఇంగ్లిష్ వచ్చిన గైడు ఉంటాడు.

ఒక్కటి అడిగి పెట్టుకో. ఫీఫీ నేషనల్ పార్కు టికెట్ పెద్దవాళ్లకు 400 బాత్, పిల్లలకు 200. చాలామంది ఏజెంట్లు చెప్పే రేటులో ఇది కలవదు, బోటు దగ్గర నగదు అడుగుతారు. ఏడుగురికి అదే పెద్ద లెక్క అవుతుంది.

వనపర్తి_అక్క
తమ్మీ కొల్లాపూర్, తలలు లెక్కపెట్టేది బోటు ఎక్కాక. నీళ్లలో ఉన్నప్పుడు ఎవరు లెక్కపెడతారు?

మేము ముసలివాళ్లతో, పిల్లలతో కలిసి షేరింగ్ స్పీడ్‌బోటులో పోయాం కాబట్టి చెప్తున్నా. స్నార్కెలింగ్ చోటు రాగానే ఇంజను ఆపుతారు, గైడు 'నలభై నిమిషాలు' అంటాడు, పాతిక మంది ఒకేసారి దూకుతారు. అదే చోట ఇంకో నాలుగు బోట్లు ఆగి ఉంటాయి. ఎవరి కాలు ఎవరి మొహానికి తగులుతుందో తెలియదు. ఈత రానివాళ్లు వెనక నిచ్చెన దగ్గరే తాడు పట్టుకుని వేలాడుతుంటారు, పైకి ఎక్కాలనుకునేవాళ్లు వాళ్ల మీదుగానే ఎక్కాలి. మా పాప మాస్కులోకి ఉప్పు నీళ్లు పోయి ఏడుస్తుంటే, గైడు అవతల ఇంకెవరినో లాగుతున్నాడు. అతని తప్పు కూడా కాదు. ఇద్దరు గైడులు, పాతిక మంది, ఎంతకని చూస్తారు?

ఇంకోటి. స్పీడ్‌బోటు ముందు భాగంలో కూర్చుంటే అల మీద పడ్డప్పుడల్లా నడుము విరిగినట్టుంటుంది. గర్భిణులను, నడుం నొప్పి ఉన్నవాళ్లను ఎక్కించుకోబోమని చాలా కంపెనీలు ముందే రాసి పెడతాయి. మీ అమ్మగారికి మోకాళ్లు, నడుము ఎలా ఉన్నాయో నువ్వు రాయలేదు. ముందు అది చెప్పు.

మిర్యాలగూడ_బియ్యం
రెండూ వద్దు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగింది మరిచిపోయారా? అందులో మన వరంగల్ వైపు వాళ్లు ఎంతమంది? మీరు పోయే ఆ వైపే, ఫుకెట్ దగ్గర, 2018 జులైలో టూరిస్టు బోటు మునిగి 47 మంది పోయారు. అది కూడా కంపెనీ బోటే, గైడులు, జాకెట్లు అన్నీ ఉన్నదే. ఈత రానివాళ్లు ఒడ్డున కూర్చుని కొబ్బరినీళ్లు తాగి రావచ్చు కదా.

నల్లమల_గాలి
భయం సరే, కానీ ఆ రెండూ ఎప్పుడు జరిగాయో చూడన్నా. కచ్చులూరులో గోదావరి వరద మీద ఉంది. ఫుకెట్‌లో అది వానాకాలం, అలలు పెద్దవని హెచ్చరిక ఉన్నా బోటు తీశారు. ఆ తీరంలో మే నుంచి అక్టోబర్ దాకా సముద్రం పొంగు మీద ఉంటుంది, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా నెమ్మదిస్తుంది. వీళ్లు పోయేది జనవరిలో. అయినా ఆ రోజు గాలి ఎక్కువుంటే, డబ్బులు పోతే పోయాయని ఆగిపోవాలి. షేరింగ్‌లో ఇక్కడే చిక్కు: బోటు పోతుందా ఆగుతుందా అన్నది నీ చేతిలో ఉండదు, వ్యాన్ వచ్చి ఎదురుచూస్తుంటే ఏడుగురిలో ఒక్కరూ 'నేను రాను' అనలేరు.

నేను స్కూబా (సిలిండర్ కట్టుకుని నీటి లోతుకు డైవింగ్) చేస్తుంటాను, స్నార్కెలింగ్ గురించి రెండు మాటలు. స్నార్కెలింగ్‌కు ఈత రానక్కర్లేదని ఏజెంట్లు చెప్పేది సగం నిజం. జాకెట్ తేలుస్తుంది, నిజమే. కానీ ముక్కు మూసుకుని నోటితోనే ఊపిరి తీయడం, మొహం నీళ్లలో పెట్టినా కంగారు పడకపోవడం, ఇవి అలవాటు కావాలి. బోటు దిగాక నేర్చుకుందామంటే కాదు. ముందు రోజు హోటల్ స్విమ్మింగ్ పూల్‌లో నడుము లోతు నీళ్లలో నిలబడి మాస్కు, గొట్టం పెట్టుకుని పావుగంట ప్రాక్టీస్ చేయించు. ఎవరికి టెన్షన్ వస్తుందో అక్కడే తెలిసిపోతుంది. బీపీ, గుండె మందులు వాడేవాళ్లుంటే బయల్దేరకముందే డాక్టర్‌ను అడగండి.

కళ్లద్దాల మీద మాస్కు పట్టదు. మీసాలు దట్టంగా ఉన్నవాళ్లకు మాస్కు కింది అంచు చర్మానికి అతుక్కోదు, నీళ్లు కారుతూనే ఉంటాయి.

జడ్చర్ల_జంక్షన్
అక్కా, అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, మెట్లు ఎక్కుతుంది కానీ మెల్లగా. బాపుకు బీపీ గోళీలు ఉన్నాయి, రేపే డాక్టర్ దగ్గరికి తీసుకుపోతా.

నల్లమల అన్నా, బాపు మీసాలు చూస్తే నువ్వు ఆ మాట అనేవాడివి కాదు. ఇప్పుడే చదివి వినిపించా. 'చేపలను చూడటానికి మీసం తీయాల్నా' అని లేచి బయటికి పోయిండు.

నల్లమల_గాలి
తీయొద్దు! మాస్కు అంచు ఆనే చోట మీసానికి కొంచెం వాజిలిన్ రాస్తే చాలావరకు ఆగుతుంది. పూల్‌లో చూసుకోండి.

డిండి_వాగు
స్నార్కెలింగ్ చేసిన 24 గంటల దాకా విమానం ఎక్కకూడదు కదా? తిరుగు ప్రయాణం తేదీ చూసుకోండి.

నల్లమల_గాలి
అది స్కూబాకు. సిలిండర్ గాలి పీలుస్తూ లోతుకు పోతే రక్తంలో నైట్రోజన్ చేరుతుంది, అది బయటికి పోవడానికి టైం ఇవ్వాలి. ఒక్కసారి డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరుసగా చేస్తే 18 గంటలు ఆగమంటారు. నీటి మీద తేలుతూ మామూలు గాలి పీల్చేవాళ్లకు ఆ లెక్క లేదు.

సాగర్_కట్ట
ఇంత తల నొప్పెందుకు, అండమాన్ పోవచ్చు కదా. పాస్‌పోర్ట్ అక్కర్లేదు. శ్రీకాకుళం వైపు నుంచి పోయి అక్కడ స్థిరపడ్డవాళ్లు చాలామంది, దుకాణాల్లో తెలుగు వినబడుతుంది. హావ్‌లాక్‌లో, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, ఎలిఫెంట్ బీచ్‌కు బోటులో పోతే ఒడ్డు నుంచే నీళ్లలోకి నడిచి దిగొచ్చు. గాలి నింపిన రబ్బరు ట్యూబు పట్టుకుంటే గైడు లాక్కుపోతాడు. నడి సముద్రంలో నిచ్చెన దిగే పని లేదు. మీ అమ్మగారికి అదే సులువు.

పోనీ థాయ్‌లాండే అంటే, ముందు ఒక ఆదివారం మన సాగర్‌లో లాంచీ ఎక్కించి చూడండి. ఎవరికి కళ్లు తిరుగుతాయో తెలుస్తుంది.

వనపర్తి_అక్క
టికెట్లు కొన్నాక ఊరు మార్చమంటే ఎట్లా అన్నా? సాగర్ లాంచీ ముచ్చట కూడా నాకు నచ్చలేదు. అది నిలిచిన నీళ్ల మీద పోయే బరువైన బోటు, అందులో కళ్లు తిరగలేదని స్పీడ్‌బోటులో తిరగవని కాదు. వాంతుల గోళీ బోటు ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేసుకుంటే పని చేయదు. అయితే దానితో మత్తు వస్తుంది, వేసుకున్నవాళ్లను నీళ్లలో దించొద్దు. పిల్లలకు ఎంత వేయాలో డాక్టరే చెప్పాలి.

ఇప్పుడు మీ అమ్మగారి చీర సంగతి. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నా. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంది. లైఫ్ జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే చీర మీద అది కట్టనే రాదు. లాంగ్‌టెయిల్ పడవ అయితే ఆవో నాంగ్ ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో నడిచి, ఊగే చిన్న నిచ్చెన మీద ఎక్కాలి. అమ్మగారికి ముందే ఒక లెగ్గింగ్, పొడుగు చేతుల టీషర్ట్ కొనివ్వండి, ఎండకు చర్మం కూడా కాలదు. మా అత్తమ్మ మొదట ససేమిరా అంది. అక్కడ తన వయసువాళ్లు ఇంకా చిన్న బట్టల్లో తిరుగుతుంటే చూసి, 'ఇదే నయం' అని వేసుకుంది.

కొల్లాపూర్_మామిడి
చూశావా అక్కా, నువ్వే ఒప్పుకున్నావ్. లాంగ్‌టెయిల్‌కు నీళ్లలో నడిచి ఎక్కాలి, పడవ అంచులు తక్కువ ఎత్తు, ఇంజను చప్పుడుకు చెవులు పోతాయి. స్పీడ్‌బోట్లు చాలావరకు నొప్పరత్ తారా జెట్టీ నుంచి పోతాయి, తేలే చెక్క మీద నుంచి నేరుగా బోటులోకి అడుగు పెట్టొచ్చు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఏది మేలు?

వనపర్తి_అక్క
ఎక్కడానికి స్పీడ్‌బోటు మేలు, ఒప్పుకుంటా. ఎక్కాక రోజంతా ఉండాలి కదా తమ్మీ! ఫీఫీ అంటే ఉదయం పోయి సాయంత్రం దాకా. చిన్నోడు పదకొండింటికే విసిగిపోయి ఏడిస్తే వెనక్కి తిప్పుతారా? సొంత పడవ అయితే ఫ్రా నాంగ్ బీచ్, చికెన్ ఐలండ్, పోడా దీవి చూసుకుని, ఎవరికి చాలనిపిస్తే అప్పుడు తిరిగి రావచ్చు. పడవ రేటు మొత్తానికి ఒకటే, మనిషి లెక్క కాదు. ఏడుగురు పంచుకుంటే షేరింగ్‌కు, దానికి తేడా తగ్గుతుంది. పొద్దున ఎనిమిదికే బయల్దేరితే గుంపు రాకముందే నీళ్లు తేటగా ఉన్నప్పుడు చేపలు కనబడతాయి. పోడాలో చెట్ల నీడ ఉంది, నీళ్లలో దిగనివాళ్లు చాప వేసుకుని కూర్చోవచ్చు. షేరింగ్ బోటులో నీళ్లలో దిగనివాళ్లకు బెంచీ తప్ప చోటు లేదు, అవునా కాదా?

పడవవాడిని రెండు అడుగు. జాకెట్లు పిల్లల సైజువి ఉన్నాయా అని, ఉన్నాయంటే తీసి చూపించమని. సముద్రం పోటు ఎన్ని గంటలకు అని. ఆ దీవుల మధ్య ఇసుక తిన్నె పోటు తగ్గినప్పుడే బయటపడుతుంది, కంపెనీవాళ్లు ఆ టైం చూసే పోతారు, సొంత పడవ అయితే ఆ లెక్క నువ్వే చూసుకోవాలి.

ఫ్రా నాంగ్ గుహలో సముద్ర దేవతకు మొక్కుకుని జాలర్లు కొయ్య లింగాలు పెడతారు, రకరకాల సైజుల్లో, రంగులద్ది. పిల్లలు 'ఇవేంటి నానమ్మా' అని అడుగుతారు. జవాబు ఇప్పుడే అనుకుని పెట్టుకోండి.

మిర్యాలగూడ_బియ్యం
భోజనం సంగతో? మా బంధువులు అలాంటి బోటులో పోతే అన్నంలో చేప సాస్ వాసనకు ఆకలి చచ్చిందట. రోజంతా పుచ్చకాయ, అనాసపండు ముక్కలతో గడిపారు.

కొల్లాపూర్_మామిడి
బుకింగ్ అప్పుడే వెజ్ అని రాయాలి. చేప సాస్ వద్దు అని విడిగా చెప్పాలి, అక్కడ దాన్ని మాంసం లెక్కలో వేయరు. అన్నట్టు సన్‌స్క్రీన్ కొనేటప్పుడు వెనక చదవండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ లాంటివి ఉన్నవి పగడాలకు చేటని 2021 నుంచి అక్కడి సముద్ర పార్కుల్లో నిషేధం.

బావి_ఈతగాడు
నమస్తే. నేనే ఆ తమ్ముణ్ణి. అన్న లింకు పంపిండు.

వనపర్తి అక్కా, నువ్వు చెప్పినవి సరే. కానీ క్రాబీ దాకా పోయి ఫీఫీలోని మాయా బే చూడకుండా వస్తే ఎట్లా? చెడిపోయిందని 2018లో మూసి, మళ్లీ 2022లో తెరిచిన బీచ్ అది. మళ్లీ ఎప్పుడు పోతామో. నీళ్లలో దిగనివాళ్లు బోటులో కూర్చుంటారు, నష్టమేముంది?

వనపర్తి_అక్క
మాయా బేలో ఈత కొట్టనివ్వరు తమ్మీ. బోటు కూడా ముందు నుంచి రాదు, వెనక లో సామా వైపు దింపితే నడిచి పోయి, ఫొటో దిగి రావాలి. అంత ఇష్టమైతే ఒక రోజు నువ్వొక్కడివే షేరింగ్ బోటు ఎక్కి పో, మిగతావాళ్లు ఇంకో రోజు నీతో కలిసి లాంగ్‌టెయిల్‌లో పోతారు. ఈత వచ్చింది నీకే కాబట్టి ఆ రోజు నువ్వు పిల్లలతో నీళ్లలో ఉండాలి. చేపల వెనక పోవడం కాదు, చిన్నోడి జాకెట్ పట్టీ నీ చేతిలో ఉండాలి.

బావి_ఈతగాడు
ఒక్కణ్ణే పోతానంటే అమ్మ పోనియ్యదు. ఆమెను ఒప్పించడం ఫీఫీకి ఈదుకుంటూ పోవడం కన్నా కష్టం. అన్నా, నువ్వు నాతో వస్తావా?

జడ్చర్ల_జంక్షన్
నేను నీతో వస్తే మీ వదిన ఏమంటదో ముందు కనుక్కో. ఫోన్ పెట్టేసి కిందికి రా, అన్నం పెట్టిండ్రు.