వొవూసా ఏ జిల్లాలో ఉందని రాయాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. గ్రీసులో ఆవోస్ నది ఒడ్డున ఉన్న వొవూసా అనే ఊరి గురించి చిన్న వ్యాసం రాస్తున్నాను. పాత పుస్తకంలో యొవానినా నోమోస్, వొవూసా కినోతితా అని ఉంది. కొత్త మ్యాపులో జగోరి దీమోస్ అంటోంది. రెండు రోజులుగా మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఏది రాయను?

జవాబు: రెండూ తప్పు కాదండి, కాలమే వేరు. నోమోస్ అంటే జిల్లా లాంటిది. 2010లో వచ్చిన కాలిక్రాతిస్ చట్టం 2011 జనవరి 1 నుంచి అమలై ఆ పాలనను ఎత్తేసింది, వెయ్యికి పైగా ఉన్న స్థానిక సంస్థలను 325 దీమోస్‌లుగా, అంటే మున్సిపాలిటీలుగా కుదించింది. అప్పటిదాకా వొవూసా సొంత పంచాయతీ. ఇప్పుడు జగోరి దీమోస్‌లో ఒక భాగం, దాని ఆఫీసు అస్ప్రాంగెలి అనే ఊళ్లో. ఆపైన యొవానినా ప్రాంతీయ విభాగం, దానిపైన ఎపిరస్ ప్రాంతం.

అసలు చిక్కు కినోతితా అనే మాటతోనే. అప్పుడు అది సొంతంగా నడిచే పంచాయతీ, ఇప్పుడు దీమోస్ కింద ఉండే ఊరు. మాట అదే, అధికారం మాత్రం తగ్గింది. కాబట్టి పాత పుస్తకంలోది ‘పంచాయతీ’ అని రాసి, పక్కనే ‘2010 వరకు’ అని పెట్టండి. దీమోస్‌ని మండలం అనకండి, నేనూ ఒకసారి అలాగే రాసి దిద్దుకున్నాను. దానికి ఎన్నికైన మేయరు ఉంటారు, మున్సిపాలిటీ అంటేనే సరిపోతుంది.

ప్రశ్న: చాలా థాంక్సండి. ఇంకో డౌటు. ఊరు నదికి ఏ ఒడ్డున ఉంది?

జవాబు: రెండు ఒడ్డులా! ఆవోస్ ఊరి మధ్యలోంచే పోతుంది. 1748లో కట్టిన ఒంటి కమాను రాతి వంతెన రెండు వైపులనూ కలుపుతుంది. నది మెత్సోవో పక్క కొండల్లో పుట్టి, వొవూసా దాటి కోనిత్సా మీదుగా అల్బేనియాలోకి వెళ్తుంది. అక్కడ దాని పేరు వ్యోసా, చివరికి ఏడ్రియాటిక్ సముద్రంలో కలుస్తుంది. పక్కనున్న పెరివోలి అనే ఊరు మాత్రం గ్రెవెనా విభాగంలోది, అంటే గ్రీసులోనే ఉన్న పశ్చిమ మాసిడోనియా ప్రాంతం. రెండు ప్రాంతాల సరిహద్దు అంత దగ్గర, మ్యాపు చూసి కలిపేయకండి.

ప్రశ్న: అయ్యో, పెరివోలిని ఎపిరస్‌లోనే వేసేశాను. ఇప్పుడే మారుస్తున్నా.