1989 కార్డిఫ్: గెలవాల్సింది దీమానా, టెర్ఫెలా?

మంద్రస్థాయి:
నిన్న రాత్రి నిద్ర పట్టక 1989 కార్డిఫ్ ఫైనల్ మళ్లీ చూశాను. తెలియనివాళ్ల కోసం: వేల్స్‌లో బీబీసీ రెండేళ్లకోసారి పెట్టే ఒపెరా గాయకుల పోటీ అది. ఆ ఏడు పోరంతా ఇద్దరి మధ్యే. ఒకడు సైబీరియాలోని క్రాస్నొయార్స్క్ కుర్రాడు దిమిత్రీ హ్వొరొస్తోవ్‌స్కీ, అందరూ దీమా అనేవారు, 26 ఏళ్లు, బారిటోన్ (మగవాళ్లలో పై గొంతు టెనర్‌కీ, కింది గొంతు బేస్‌కీ నడిమిది). రెండోవాడు స్థానికుడు బ్రిన్ టెర్ఫెల్, 23 ఏళ్లు. పెద్ద బహుమతి దీమాకి, పాటల బహుమతి (ఒపెరా ముక్కలకి కాదు, పియానోతో పాడే విడి పాటలకి) టెర్ఫెల్‌కి ఇచ్చారు. నన్నడిగితే తారుమారు చేశారు. టెర్ఫెల్ పాడుతుంటే ప్రతి మాటా ముఖంలో కనిపిస్తుంది. దీమా బంగారు గొంతేసుకుని అలా నిలబడ్డాడు, అంతే.

శృతిపెట్టె:
అంతేనా? ‘డాన్ కార్లో’ ఒపెరాలో రోడ్రిగో చనిపోయే ఘట్టం విన్నారా అసలు? తుపాకి గుండు తగిలినవాడు స్నేహితుడి చేతుల్లో పాడే పాట. ఇంకెవరైనా ఊపిరి తీసుకునే చోట దీమా తీసుకోడు, స్వరం తెగకుండా తర్వాతి పంక్తిలోకి జారిపోతాడు. అలాంటి దమ్ము నేను ఇంకో బారిటోన్‌లో వినలేదు.

కాకినాడ_కాజా:
దమ్ము సంగతేమో గానీ, పంక్తికి ముందు ముక్కుతో బుస్సుమని పీల్చే చప్పుడు మా ఇయర్‌ఫోన్స్ దాకా వస్తుందండీ.

బేస్_లైన్:
టెర్ఫెల్ బారిటోన్ కాదు, బేస్-బారిటోన్, అంటే ఇంకాస్త కింది గొంతు. ఇద్దర్నీ పోల్చడమే తప్పు.

శృతిపెట్టె:
@కాకినాడ_కాజా, ఒపెరాలో గాయకుడి చేతికి మైకు ఇవ్వరు. డెబ్భై ఎనభై మంది వాయిస్తుంటే వాళ్లని దాటుకుని గొంతు చివరి వరస దాకా పోవాలి. దానికి గాలి కావాలి, గాలి పీలిస్తే చప్పుడవుతుంది. క్రాస్నొయార్స్క్‌లో యెకతెరీనా యోఫెల్ అనే గురువు దగ్గర ఏళ్ల తరబడి సాధన చేసి తెచ్చుకున్న శ్వాస అది. మీకు బుస్సు వినిపించింది, దాని వెనకాల వచ్చిన పాట వినిపించలేదు.

మంద్రస్థాయి:
గొంతు, గాలి, దమ్ము! ఎప్పుడూ ఇదే గోల. మా అమ్మాయి పదకొండేళ్లప్పుడు ఒక త్యాగరాజ కృతుల పోటీలో పాడింది. ఏ ఊరో చెప్పను. ప్రతి మాటకీ అర్థం తెలుసుకుని, నెల రోజులు కూర్చుని నేర్చుకుంది. మొదటి బహుమతి ఇంకో పిల్లకి ఇచ్చారు. ఆ పిల్ల ‘నిధి చాల సుఖమా’ని ‘నిది శాల సుకమా’ అని పాడింది! అడిగితే ఒక జడ్జి గారు ‘గాత్రం సార్, గాత్రం’ అన్నారు. ఇంటికొచ్చేదాకా బస్సులో పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు నుంచీ ఈ గాత్రం అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

కాకినాడ_కాజా:
అంటే కార్డిఫ్ జడ్జీల మీద మీ ఊరి కేసు పెడుతున్నారన్నమాట 😀

మంద్రస్థాయి:
నవ్వండి. తెలుగు కృతిని తెలుగు రానివాళ్లు ఖూనీ చేస్తే ‘రాగం బాగుంది కదా’ అని సర్దుకుపోయే జాతి మనది. మాట తెలియకుండా పాడినా, మాట తెలియకుండా విన్నా అది సగం సంగీతమే.

శృతిపెట్టె:
ఇదీ అసలు సంగతి. ఇంతసేపూ టెర్ఫెల్ పేరు చెప్పి దాచుకున్నారు. నాకు ఇటాలియన్ రాదు, రష్యన్ రాదు. మీ లెక్కన ఇరవై ఏళ్లుగా నేను సగమే వింటున్నాను, అంతేగా?

ఒకటి చెప్తా, వినండి. 2015 జూన్‌లో దీమా మెదడులో కణితి ఉందని ప్రకటించారు. సెప్టెంబరులో మళ్లీ న్యూయార్క్ మెట్‌లో (మెట్రోపాలిటన్ ఒపెరా) ‘ఇల్ త్రొవతోరే’ ఒపెరా పాడాడు, చివర్లో ఆర్కెస్ట్రావాళ్లు కింద నుంచి తెల్ల గులాబీలు విసిరారు. 2017 మేలో అదే మెట్ గాలాకి (ప్రత్యేక కచేరీ) ముందుగా చెప్పకుండా వచ్చి ‘రిగొలెట్టో’లోది ఒకటి పాడాడు. ఆ నవంబరు 22న లండన్‌లో పోయాడు, 55 ఏళ్లకి. మా నాన్నగారి ఆపరేషన్‌కి ముందురోజు రాత్రి, ఆసుపత్రి వరండాలో స్టీలు కుర్చీ మీద కూర్చుని ఆ మే వీడియో చూశాను. నర్సు వచ్చి పక్కన నిలబడింది కూడా తెలియలేదు. ఒక్క ముక్క అర్థం కాలేదండీ. అది సగమా?

మంద్రస్థాయి:
నాన్నగారికి ఇప్పుడెలా ఉంది?

ఆ పాట ఏమిటో తెలుసా మీకు? రిగొలెట్టో గూనివాడు, దర్బారులో విదూషకుడు. తన కూతుర్ని ఎత్తుకుపోయిన దర్బారువాళ్లని ముందు తిడతాడు, తర్వాత ఏడుస్తాడు, చివరికి పిల్లనివ్వండయ్యా అని బతిమాలతాడు. ఈ మూడు మలుపులూ మాటల్లోనే ఉన్నాయి.

శృతిపెట్టె:
బాగున్నారు, పొద్దున్నే నడుస్తున్నారు.

కూతురు సంగతి తెలియదు. కానీ తిట్టేవాడు ఎక్కడ దిగజారి బతిమాలడం మొదలుపెట్టాడో నాకు తెలిసింది.

మంద్రస్థాయి:
బతిమాలడం తెలియడానికి ఒపెరా ఎందుకు, అన్నం పెట్టేటప్పుడు మా వీధి కుక్కని చూస్తే చాలు. నా ఓటు టెర్ఫెల్‌కే.

(ఆ వీడియో లింకు మాత్రం పెట్టండి.)

బేస్_లైన్:
బేస్-బారిటోన్ అండీ. పొద్దున్నుంచీ చెప్తున్నా.