పోషకం కాలుష్యమెట్టవద్ది?

రైతు సదస్సు కోసం ఒక కరపత్రం తెలుగు చేస్తున్నాను. నదుల్లోకి, సముద్రంలోకి పోయే నత్రజని, భాస్వరం తగ్గించడానికి ప్రభుత్వాలిచ్చే గ్రాంట్ల గురించి. నా చేతికొచ్చిన ప్రతిలో ‘పోషక కాలుష్యం’ అని ఉంది. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలు చేసే మా మామకు చదివి వినిపించాను.

“పోషకం కాలుష్యమెట్టవద్ది అబ్బయా? అంగన్‌వాడీలో పిల్లకాయలకి పెట్టేది పోషకమే గదా!”

జవాబు చెప్పలేకపోయాను. పోషకమంటే మన చెవికి గుడ్డు, పాలు, పప్పు. పోషకుడంటే సాకేవాడు. అంత చల్లని మాటకు కాలుష్యాన్ని తగిలిస్తే అతకడం లేదు. నత్రజని, భాస్వరం ఎక్కువై నీళ్లలో పాచి పెరిగిపోవడానికి శాస్త్రం వాడే ‘యూట్రోఫికేషన్’ కూడా గ్రీకులో ‘బాగా తిని పెరిగిన’ అనే అర్థమున్న మాట నుంచే వచ్చింది. మన రైతు నోట దానికి దగ్గరి మాట ఎప్పట్నుంచో ఉంది: బలం.

యూరియా బలం మందు. బస్తా 45 కిలోలు, అందులో 46 శాతం నత్రజని, అంటే 20 కిలోల పైచిలుకు. మోతాదు దాటితే ‘బలమెక్కువై చేను పడిపోయింది’ అంటారు. పైరు తీసుకోని బలం మురుగు కాలవల్లో పడి పోతుంది. రొయ్య తినకుండా వదిలిన మేతా అంతే. కాలవలో దాన్ని తినేది పాచి. పోయిన ఎండాకాలం మామ గుంటల వెనక కాలవ చూశాను. పగలు గోంగూర పులుసులా పచ్చగా, చిక్కగా ఉంది. తెల్లారుజామున చిన్న చేపలు నోళ్లు పైకెత్తి గుటకలేస్తున్నాయి. రాత్రిపూట పాచి కూడా ప్రాణవాయువు పీలుస్తుంది, చచ్చిన పాచి కుళ్లుతూ ఇంకాస్త లాగేస్తుంది. “నీళ్లకు బలమెక్కువైంది” అన్నాడు మామ, చేను సంగతి చెప్పినట్టే. నాకు కావలసిన మాట అక్కడే దొరికింది. మీరేమంటారు?

వ్యాఖ్య: ‘ఎరువుల కాలుష్యం’ అంటే చాలదా అండీ?

జవాబు: చాలదండీ. రొయ్యల మేత, ఊరి మురుగు రెండూ బయటే మిగిలిపోతాయి. 5 హెక్టార్లు, ఆపైన ఉన్న రొయ్యల సాగుకు వాడిన నీళ్లు శుద్ధి చేసే ఏర్పాటుండాలన్న నిబంధన ఎరువుల గురించి కాదు గదా.

వ్యాఖ్య: మాది ఒంగోలు. ‘బలిసింది’ అంటే మా వైపు తిట్టు. జాగ్రత్త.

జవాబు: మా వైపూ తిట్టే. అందుకే ‘బలిసిన నీళ్లు’ అని రాయలేదు, ‘బలమెక్కువైన నీళ్లు’ అనే రాశాను. చేనుకి వాడినప్పుడు ఎవరూ తప్పు పట్టని మాటే.

ఇంకో చిక్కుంది. 2023లో వచ్చిన పీఎం-ప్రణామ్ పథకంలో రసాయన ఎరువుల వాడకం తగ్గిస్తే, కేంద్రానికి మిగిలే సబ్సిడీలో సగం ఆ రాష్ట్రానికి గ్రాంటుగా వస్తుంది. మామ ఇది విని, “రాయితీ అంటే నా బస్తా ధరలో కనపడద్ది. ఈ గ్రాంటు నాకా, గవర్నమెంటుకా?” అన్నాడు. కరపత్రంలో రాయితీకీ, గ్రాంటుకీ ‘ఆర్థిక సాయం’ అనే ఉంది. ఎవరి చేతికి పోతుందో ఆ మాటలో తెలియడం లేదు. ప్రస్తుతానికి ‘రాష్ట్రానికొచ్చే నిధి’ అని విడదీసి రాశాను. రైతు నోట నలిగిన పొట్టి మాట మీకు తెలిస్తే చెప్పండి, గురువారం అచ్చుకివ్వాలి.