ఇన్సిడెంట్ లాగ్ తెరవగానే ఫిల్టర్ ముందే పెట్టి ఉండాలా?

గచ్చిబౌలి_రాత్రిపాళీ: మా సంస్థ ఇన్సిడెంట్ (సర్వీసు అంతరాయం) సాఫ్ట్‌వేర్‌లో ఇకపై, జరిగినవన్నీ నమోదయ్యే లాగ్ పేజీ తెరవగానే ఎర్రర్, అంతకంటే తీవ్రమైన ఎంట్రీలు మాత్రమే, కొత్తవి పైన ఉండేలా కనిపిస్తాయట. ఏ ఫిల్టరూ లేకుండా, జరిగిన వరుసలో, పాతది పైన ఉండేలా తెరుచుకోవాలన్నది నా వాదన. మీ అభిప్రాయాలు చెప్పండి.

మాదాపూర్_ఆపరేషన్స్: నేను ఒప్పుకోను. సర్వీసు ఆగిపోయి ఫోన్లు మోగుతున్న వేళ వేల వరుసల డీబగ్ సందేశాలు (ప్రోగ్రామర్ల కోసం రాసే చిన్న చిన్న వివరాలు) ఎవరు చదువుతారు? ఆర్‌ఎఫ్‌సీ 5424 అనే ప్రమాణం సిస్‌లాగ్ (యంత్రాలు పంపే లాగ్ సందేశాల) తీవ్రతను 0 నుంచి 7 వరకు విభజించింది ఇందుకే. సంఖ్య తగ్గేకొద్దీ తీవ్రత ఎక్కువ. ఎర్రర్ 3వ స్థాయి, అక్కడ గీత గీస్తే సరిపోతుంది.

గచ్చిబౌలి_రాత్రిపాళీ: ఆ సంఖ్యను వేసేది ప్రోగ్రామ్ రాసినవారే తప్ప, దాని వల్ల నష్టపోయేవారు కారు. డిస్క్ నిండుతోందన్న సందేశం సాధారణంగా 4వ స్థాయి హెచ్చరికగా వస్తుంది, ఆ తర్వాత డేటాబేస్ రాయలేకపోయినప్పుడు 3వ స్థాయి ఎర్రర్ వస్తుంది. మీ గీత దగ్గర కోస్తే ఫలితం మిగులుతుంది, కారణం మాయమవుతుంది.

కూకట్‌పల్లి_లాగ్స్: ఇంతకీ ఏ సమయాన్ని బట్టి వరుస? ఘటన జరిగిన సమయమా, లాగ్ సర్వర్‌కు చేరిన సమయమా?

మాదాపూర్_ఆపరేషన్స్: ప్రశ్న అది కాదండీ. ఫిల్టర్ దేనినీ చెరిపివేయదు. మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లను ఎలాగూ భద్రపరచాలి. కావలసినవారు ఫిల్టర్ తీసి చూసుకోవచ్చు.

కూకట్‌పల్లి_లాగ్స్: అదే ఆదేశాలు ఎన్ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సమయ సర్వర్లతో గడియారాలను సరిచూసుకోవాలని కూడా చెప్పాయి. ఒక యంత్రం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో), మరొకటి మన సమయంలో రాస్తూ, ఏది ఏదో గుర్తించకపోతే అయిదున్నర గంటల తేడా వస్తుంది. తేదీని రోజుతో మొదలుపెట్టి అక్షరాలుగా పేర్చితే 02-12-2024 వెళ్లి 30-11-2024 కంటే ముందు కూర్చుంటుంది. వరుసే తప్పయినప్పుడు ఫిల్టర్ గురించి వాదించి లాభమేమిటి?

మాదాపూర్_ఆపరేషన్స్: సమయం సంగతి వేరే చర్చలో తేల్చుకుందాం. రాత్రిపాళీ గారూ, ప్రతి మార్పునూ మీరు అడ్డుకుంటున్నారు. పగలు పనిచేసేవారి ఒత్తిడి మీకు తెలియదు.

గచ్చిబౌలి_రాత్రిపాళీ: నాకేం తెలుసో చెబుతాను. గతంలో పనిచేసిన చోట తెల్లవార్లూ కూర్చుని, ఎవరిని పిలిచానో, ఏ సర్వీసును తిరిగి ప్రారంభించానో అన్నీ లాగ్‌లో నమోదు చేశాను. మనిషి రాసిన ప్రతి నోట్‌కూ ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఎర్రర్ కంటే తక్కువ తీవ్రత గల 'సమాచారం' అన్న స్థాయి పెట్టేది. ఉదయం సమీక్షలో పెద్దలు ఫిల్టర్ పెట్టిన పేజీ చూసి, రాత్రి ఏ చర్యా తీసుకోలేదని నివేదిక రాశారు. అది నా అప్రైజల్ దాకా వెళ్లింది. కావలసినవారు తీసి చూసుకోవచ్చు అంటున్నారు, కానీ తీర్పు చెప్పేవారు తీసి చూడలేదు.

అమీర్‌పేట_కొత్తవాడు: మా దగ్గర కూడా నోట్లు ఇలాగే కనిపించకుండా పోతున్నాయి.

మాదాపూర్_ఆపరేషన్స్: అయితే మీ అభ్యంతరం ఫిల్టర్ మీద కాదు, దాన్ని చూసి బాధ్యత నిర్ణయించడం మీద. మనుషుల నోట్లకు తీవ్రత ఫిల్టర్ వర్తించకూడదన్న మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ ఘటన నడుస్తున్నంతసేపు కొత్తది పైనే ఉండాలి, ఇందులో మార్పు లేదు.

గచ్చిబౌలి_రాత్రిపాళీ: నడుస్తున్నంతసేపు ఉండనివ్వండి. ఘటన ముగిశాక సమీక్షకు వెళ్లే ప్రతిలో మాత్రం అన్ని ఎంట్రీలూ జరిగిన వరుసలో ఉండాలి, ఏదైనా ఫిల్టర్ పెట్టి ఉంటే ఆ సంగతి పైనే రాసి ఉండాలి. ఇది లేని నివేదికపై నేను సంతకం చేయను.

కూకట్‌పల్లి_లాగ్స్: ఆ నోట్‌కు పడే సమయం మీరు టైప్ చేసిన సమయం, పని చేసిన సమయం కాదు. జరిగిన వరుస అంటే ఏదో ముందు తేల్చండి.