మధ్యాహ్నం సీరియల్ ఆగిపోకుండా ఏం చేయాలి?

మాది తిరుపతి, కొర్లగుంట. మధ్యాహ్నం ఒంటిగంట కాగానే మా అమ్మ చిక్కుడుకాయల చేట ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటుంది. ఈనెలు తీస్తూనే పాత్రలతో మాట్లాడుతుంది. నాన్న పోయాక ఆ అరగంటే ఆమెకు తోడు. ఈమధ్య ఆ సీరియల్ సమయం రెండుసార్లు మార్చారు. ముగించేస్తారేమోనని దిగులు పడుతోంది. ఆ భయం ఉత్తదని నేను అనలేకపోతున్నాను. అమెరికాలో 1956 నుంచి పగటిపూట నడిచిన ‘యాజ్ ద వరల్డ్ టర్న్స్’ సీరియల్ అంతటిదే ప్రేక్షకులు తగ్గి 2010లో ఆగిపోయింది. టీవీలో దేన్ని ఎంతమంది చూస్తున్నారో లెక్కగట్టే బార్క్ సంస్థ రేటింగులు, చూసింది నమోదు చేసే మీటర్లు పెట్టిన ఇళ్ల నుంచే వస్తాయి, మా ఇంట్లో మీటరు లేదు. మరి అమ్మ చూస్తున్నట్టు ఛానల్‌కు తెలిసేదెలా? ఉత్తరం రాస్తే చదువుతారా? యాప్‌లో చూస్తే దాన్ని లెక్కలోకి తీసుకుంటారా? ఛానళ్లలో పనిచేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.